ఈఎస్‌ఎక్స్‌ఐ నుంచి ప్రాక్స్‌మాక్స్‌కి మారేవాళ్లకి: వీఎం ఆపకముందు చేయాల్సిన పని

ఒకే సర్వర్‌లో అనేక వీఎంలని (వర్చువల్ మెషీన్లని) నడిపే సాఫ్ట్‌వేర్‌ని హైపర్‌వైజర్ అంటారు. వీఎంవేర్ వాళ్ల ఈఎస్‌ఎక్స్‌ఐ అలాంటిదే, ప్రాక్స్‌మాక్స్ ఇంకొకటి. ఈఎస్‌ఎక్స్‌ఐ మీదున్న వీఎంని ప్రాక్స్‌మాక్స్ మీదకి తేవాలనగానే అందరికీ ముందు డిస్కు కాపీయే గుర్తొస్తుంది. నిజానికి మొత్తం పనిలో తేలికైనది అదే. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ప్రాక్స్‌మాక్స్ 8.2 నుంచి ఇంపోర్ట్ విజార్డ్ అందులోనే ఉంది. ఈఎస్‌ఎక్స్‌ఐ అడ్రసు, రూట్ పాస్‌వర్డు ఇస్తే వీఎంల జాబితా కనిపిస్తుంది, కావలసింది ఎంచుకుని బటన్ నొక్కితే డిస్కులు వచ్చేస్తాయి. చిక్కంతా ఆ తర్వాతే. వచ్చిన వీఎం బూట్ కాదు. బూటైనా నెట్‌వర్క్ ఉండదు. రెండూ బాగానే ఉన్నాయనుకుంటే కొన్ని వారాలకి బ్యాకప్ నడిచే వేళ క్లస్టర్‌లోని నోడ్లన్నీ (కలిసి పనిచేసే సర్వర్లన్నీ) ఒకేసారి రీబూట్ అవుతాయి. వీటిలో దాదాపు ప్రతిదానికీ విరుగుడు వీఎం ఇంకా ఈఎస్‌ఎక్స్‌ఐ మీద నడుస్తుండగానే ఉంది. ఆపేశాక అదే పని చేయాలంటే రెస్క్యూ ఐఎస్ఓలు ఎక్కించుకుంటూ, చేంజ్ విండో (మార్పు చేయడానికి ఇచ్చిన సమయం) కరిగిపోతుంటే కూర్చోవాల్సి వస్తుంది.

ఎందుకు మారుతున్నారన్నది తెలిసిన సంగతే కాబట్టి త్వరగా చెప్పేస్తా. బ్రాడ్‌కామ్ 2023 నవంబర్ 22న వీఎంవేర్ కొనుగోలు పూర్తి చేసింది. ఆ డిసెంబర్‌లోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసి అంతా సబ్‌స్క్రిప్షన్ చేసింది. లెక్క కోర్ల మీద, అదీ ఒక్కో సీపీయూకి కనీసం 16 కోర్లు. ఎనిమిదేసి కోర్ల సీపీయూలు రెండున్న సర్వర్‌లో ఉన్నవి 16 కోర్లే అయినా కట్టాల్సింది 32కి. పాత, చిన్న సర్వర్లు నడుపుతున్నవాళ్లకి గట్టిగా తగిలింది ఇదే. ఈఎస్‌ఎక్స్‌ఐ భాగంగా ఉండే వీస్పియర్ 7కి సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 2తో ముగిసింది. 8కి 2027 అక్టోబర్ 11 దాకా ఉంది. 8 మీదున్నవాళ్లు కంగారు పడనక్కర్లేదు, ఒక్కో వీఎంనీ చూసుకుంటూ మారే వ్యవధి ఉంది. 7 మీదున్నవాళ్లు మాత్రం ఇంటర్నెట్ వైపు తెరుచుకున్న సర్వర్లతో మొదలుపెట్టాలి.

ప్రాక్స్‌మాక్స్ కింద ఉన్నది డెబియన్ లినక్స్, దాని కెర్నెల్‌లోని కేవీఎం, దాని మీద వీఎంకి డిస్కు, నెట్‌వర్క్ కార్డు లాంటి పరికరాలని చూపించే క్యూఈఎంయూ. కేవీఎం 2007లో లినక్స్ 2.6.20తో కెర్నెల్‌లో చేరింది, కాబట్టి హైపర్‌వైజర్ కొత్తదన్న భయం అక్కర్లేదు. సబ్‌స్క్రిప్షన్ సీపీయూ సాకెట్ లెక్కన. కట్టకపోయినా ఫీచర్లన్నీ పనిచేస్తాయి, తేడా సపోర్ట్‌లోనూ, ఎక్కువ పరీక్షకి నిలిచాక వచ్చే ఎంటర్‌ప్రైజ్ రిపాజిటరీలోనూ ఉంది. ప్రొడక్షన్‌కి కట్టడమే మంచిది. లైసెన్సు మీద మిగిలే డబ్బులో కొంత ఇక్కడ పెట్టడం న్యాయం కూడా.

స్టోరేజీ ముందు తేల్చుకోండి

ఈఎస్‌ఎక్స్‌ఐ వాళ్లకి వీఎంఎఫ్ఎస్ (హోస్టులన్నీ పంచుకునే ఫైల్‌సిస్టమ్) ఎంత సుఖం ఇచ్చిందో అది వదిలాకే అర్థమవుతుంది. శాన్ (సర్వర్లకి నెట్‌వర్క్ ద్వారా అందే స్టోరేజీ) మీద ఒక లన్ (అందులోంచి విడగొట్టిచ్చే డిస్కు) తీసుకుని హోస్టులన్నిటికీ చూపిస్తే చాలు. అన్నీ ఒకేసారి రాసుకుంటాయి, స్నాప్‌షాట్లు (ఆ క్షణంలో డిస్కు ఎలా ఉందో నిలిపి ఉంచేవి) వస్తాయి, థిన్ ప్రొవిజనింగ్ (నిజంగా వాడినంతకే చోటు తీసుకోవడం) వస్తుంది. ప్రాక్స్‌మాక్స్‌లో దానికి అచ్చంగా సమానమైనది లేదు. అందుకే హార్డ్‌వేర్ కొనకముందు, వీఎంల జాబితా రాయకముందు తేల్చుకోవాల్సింది ఇదే.

ఉన్న ఫైబర్ చానెల్ శాన్‌నో ఐస్కజీ శాన్‌నో అలాగే వాడుకోవాలంటే దారి షేర్డ్ ఎల్‌వీఎం (లినక్స్ వాల్యూమ్ మేనేజర్). అదే లన్ నోడ్లన్నిటికీ చూపించి, మల్టీపాత్ (ఒకే లన్‌కి ఉన్న అనేక దారులు) సరిచేసి, దానిమీద ఒక వాల్యూమ్ గ్రూప్ కట్టి, ప్రాక్స్‌మాక్స్‌లో ఎల్‌వీఎం కింద చేర్చి 'షేర్డ్' టిక్ పెట్టాలి. లైవ్ మైగ్రేషన్ (నడుస్తున్న వీఎంని వేరే నోడ్‌కి జరపడం), హెచ్‌ఏ (నోడ్ పోతే వీఎంని వేరేచోట లేపడం) రెండూ పనిచేస్తాయి. కాని ఇది థిక్ ఎల్‌వీఎం. 500 జీబీ డిస్కు అడిగితే 500 జీబీ పోతుంది. ఈఎస్‌ఎక్స్‌ఐలో థిన్‌గా సర్దుకున్న 20 టీబీ వీఎంలు ఇక్కడ అదే 12 టీబీ లన్‌లో పట్టవు. స్నాప్‌షాట్లు 8 వరుసలో అసలు లేవు. 2025 ఆగస్టులో వచ్చిన 9.0లో వాల్యూమ్ చెయిన్ పద్ధతిలో వచ్చాయి, అదీ టెక్నాలజీ ప్రివ్యూ గుర్తుతో. బ్యాకప్‌కి ఇబ్బంది లేదు, ఎందుకంటే ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ స్టోరేజీ స్నాప్‌షాట్ మీద కాక క్యూఈఎంయూ మీద ఆధారపడుతుంది.

ఇక్కడ డేటా పోయే తప్పొకటి ఉంది. స్నాప్‌షాట్లు కావాలన్న ఆశతో అదే షేర్డ్ లన్ మీద ఎల్‌వీఎం-థిన్ పెట్టడం. థిన్ పూల్‌కి ఏ బ్లాక్ ఎవరిదో చెప్పే మెటాడేటా ఉంటుంది, దాన్ని ఒక సమయంలో ఒక్క హోస్టే రాయాలి. రెండు నోడ్లు ఒకే పూల్‌ని యాక్టివేట్ చేస్తే ఒకదానికి తెలియకుండా ఇంకొకటి అవే బ్లాక్‌లని వేరే వీఎంకి ఇచ్చేస్తుంది. మొదటి రోజు ఏమీ కనపడదు. తర్వాత ఫైల్‌సిస్టమ్‌లు ఒక్కొక్కటే పాడవుతాయి. ఎల్‌వీఎం-థిన్ లోకల్ డిస్కుకే.

ఎన్‌ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) ఇచ్చే స్టోరేజీ బాక్సు ఉంటే, దాని మీద క్యూఈఎంయూ సొంత డిస్కు ఫార్మాట్ క్యూకౌ2లో పెట్టుకుంటే థిన్, స్నాప్‌షాట్ రెండూ వస్తాయి. మధ్యస్థాయి సంస్థలకి నా మొగ్గు దీనివైపే. మార్పిడికీ ఇదే గొప్ప సాయం, ఎలాగో కింద వస్తుంది.

కొత్త సర్వర్లు కొంటున్నవాళ్లు, నోడ్లన్నిటి డిస్కులనీ కలిపి ఒకే స్టోరేజీగా చేసే సెఫ్ వైపు చూస్తారు. మంచిదే, కాని లెక్క సరిగ్గా వేసుకోవాలి. మూడు నోడ్లు, నోడ్‌కి 3.84 టీబీ ఎస్‌ఎస్‌డీలు నాలుగు చొప్పున అంటే మొత్తం 46 టీబీ. మూడు కాపీలు ఉంచుతుంది కాబట్టి మిగిలేది 15.36 టీబీ. ఒక ఓఎస్‌డీ (సెఫ్ లెక్కలో ఒక్కో డిస్కు) 85 శాతం దాటగానే హెచ్చరిక మొదలవుతుంది, 95 శాతానికి రాతలు ఆగిపోతాయి, అంటే వీఎంలన్నీ స్తంభిస్తాయి. కాబట్టి 80 శాతమే మీదనుకోండి, 12 టీబీ చిల్లర. మూడు నోడ్లలో ఒకటి పోతే మూడో కాపీ కట్టుకోవడానికి చోటే ఉండదు, అది తిరిగొచ్చేదాకా రెండు కాపీలతోనే నడుస్తుంది. నాలుగో నోడ్ ఉంటే ఈ బెంగ తీరుతుంది. డిస్కులకి రైడ్ కంట్రోలర్ అడ్డం ఉండకూడదు, డిస్కులని నేరుగా చూపించే హెచ్‌బీఏ మోడ్‌లో పెట్టాలి. ఎస్‌ఎస్‌డీలకి కరెంటు పోయినా క్యాష్‌ని కాపాడే కెపాసిటర్లు తప్పనిసరి. డెస్క్‌టాప్ ఎస్‌ఎస్‌డీలు పెడితే పనితీరు ఘోరంగా పడిపోతుంది. సెఫ్ ప్రతి రాతనీ డిస్కులో నిజంగా పడిందో లేదో అడిగాకే ఒప్పుకుంటుంది, ఆ కెపాసిటర్లున్న డిస్కు వెంటనే అవునంటుంది, లేని డిస్కు ఫ్లాష్ దాకా రాసి వచ్చేదాకా ఆపుతుంది. నెట్‌వర్క్ 10 గిగాబిట్ కనీసం, ఎన్‌వీఎంఈ అయితే 25.

కోరోసింక్‌కి వేరే తీగ

క్లస్టర్ మొత్తం రీబూట్ అయిందన్న ఫిర్యాదు ఎక్కడ విన్నా, ముందు అడగాల్సింది కోరోసింక్ ఏ లింక్ మీద నడుస్తోందని. నోడ్లు బతికున్నాయో లేదో ఒకదానికొకటి చెప్పుకునేది దీని ద్వారానే. దీనికి బ్యాండ్‌విడ్త్ పెద్దగా అక్కర్లేదు, ఆలస్యం మాత్రం పనికిరాదు, 5 మిల్లీసెకన్ల లోపు ఉండాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అన్నీ ఒకే బ్రిడ్జ్ (వర్చువల్ స్విచ్) మీద పెట్టేస్తే మొదట్లో ఏ తేడా తెలియదు. రాత్రి బ్యాకప్ మొదలై ఆ లింక్ నిండగానే కోరోసింక్ ప్యాకెట్లు క్యూలో ఇరుక్కుంటాయి. నోడ్లు ఒకదాన్నొకటి పోయిందనుకుంటాయి. హెచ్‌ఏలో పెట్టిన వీఎంలు నడుస్తున్న నోడ్, కోరం (నోడ్లలో మెజారిటీతో సంబంధం) పోయి 60 సెకన్లు గడిస్తే వాచ్‌డాగ్ (స్పందన ఆగితే మెషీన్‌ని రీసెట్ చేసే టైమర్) చేత తనని తాను రీసెట్ చేసుకుంటుంది. ఒకే వీఎం రెండుచోట్ల నడవకుండా కాపాడే ఏర్పాటు అది, తప్పేం లేదు. కాని అన్ని నోడ్లకీ ఒకేసారి కోరం పోతే అన్నీ రీసెట్ అవుతాయి.

కాబట్టి కోరోసింక్‌కి విడిగా ఒక పోర్ట్, అది 1 గిగాబిట్ అయినా చాలు, వేరే స్విచ్ అయితే ఇంకా మంచిది. రెండో లింక్‌గా మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్‌ని చేర్చండి. దానికి బాండింగ్ కన్నా కోరోసింక్ సొంత రెండు లింకుల పద్ధతే నమ్మదగ్గది. రెండే నోడ్లుంటే మూడో ఓటుకి క్యూడివైస్ పెట్టాలి, అది చిన్న డెబియన్ మెషీన్ ఏదైనా సరే, కాని ఆ రెండు నోడ్ల మీదే నడిచే వీఎం కాకూడదు.

ఈఎస్‌ఎక్స్‌ఐలో పోర్ట్ గ్రూప్‌కి ఒక వీలాన్ (ఒకే తీగ మీద నంబర్‌తో విడదీసిన నెట్‌వర్క్) ఉండేది. ఇక్కడ ఒకే బ్రిడ్జ్‌కి 'వీలాన్ అవేర్' టిక్ పెట్టి, ఒక్కో వీఎం నెట్‌వర్క్ కార్డుకి ట్యాగ్ నంబర్ ఇస్తే సరిపోతుంది. ఏ పోర్ట్ గ్రూప్‌కి ఏ నంబరో ముందే రాసుకోండి. విజార్డ్ ఆ నంబర్లని తనంతట తాను తేదు.

వీఎంని సిద్ధం చేయడం

ఇప్పుడు అసలు పని. వీఎం నడుస్తుండగానే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి.

స్నాప్‌షాట్లు తీసేయాలి, డిస్కులు కన్సాలిడేట్ చేయాలి. స్నాప్‌షాట్ల గొలుసు మిగిలి ఉంటే ఇంపోర్ట్ బాగా నెమ్మదిస్తుంది. పాత స్నాప్‌షాట్ పెద్దదైతే డిలీట్‌కే గంటలు పడుతుంది, కాబట్టి చేంజ్ విండో రోజున కాక రెండు మూడు రోజుల ముందే చేయండి. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వదిలేసిన స్నాప్‌షాట్లు కొన్నిసార్లు మేనేజర్‌లో కనపడవు. డేటాస్టోర్‌లోకి వెళ్లి ఫైలు పేరు చివర 000001 లాంటి అంకెలున్న వీఎండీకే (వీఎంవేర్ డిస్కు ఫైలు) ఉందేమో చూస్తే తెలిసిపోతుంది.

ఫర్మ్‌వేర్ బయాసా, ఈఎఫ్‌ఐయా రాసుకోండి. ఈఎఫ్‌ఐ అయితే ప్రాక్స్‌మాక్స్‌లో ఓవీఎంఎఫ్ (వీఎంలకి ఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్) ఎంచుకుని ఈఎఫ్‌ఐ డిస్కు చేర్చాలి. అలా చేసినా కొన్ని లినక్స్ వీఎంలు బూట్ డివైస్ లేదంటాయి. బూట్‌లోడర్ దారి ఈఎస్‌ఎక్స్‌ఐ ఎన్‌వీర్యామ్‌లో (ఫర్మ్‌వేర్ సెట్టింగులు ఉండేచోట) ఉండిపోయింది, అది డిస్కుతో రాదు. ఓవీఎంఎఫ్ మెనూలోకి వెళ్లి, బూట్ మెయింటెనెన్స్‌లో ఫైలుని చూపించి కొత్త ఎంట్రీ చేర్చితే సరి.

వీటీపీఎం (ఎన్‌క్రిప్షన్ కీలు దాచే వర్చువల్ చిప్) ఉన్న వీఎంలతో జాగ్రత్త. టీపీఎం లోపలి స్థితి ప్రాక్స్‌మాక్స్‌కి రాదు. బిట్‌లాకర్ (విండోస్ డిస్కు ఎన్‌క్రిప్షన్) ఉంటే ముందే సస్పెండ్ చేసి, రికవరీ కీ చేతిలో ఉంచుకోండి. ఈఎస్‌ఎక్స్‌ఐ వైపు ఎన్‌క్రిప్షన్ పాలసీ ఉంటే తీసేయాలి. వీశాన్ (వీఎంవేర్ సొంత షేర్డ్ స్టోరేజీ) మీదున్న డిస్కులని విజార్డ్ చదవలేదు, వేరే డేటాస్టోర్‌కి మార్చాకే తేవాలి. ఆర్‌డీఎం డిస్కులు (వీఎంకి నేరుగా ఇచ్చేసిన లన్‌లు) ఉన్నాయేమో తప్పక చూడండి, ముఖ్యంగా విండోస్ ఫెయిలోవర్ క్లస్టర్లలో. వాటికి మార్పిడి పథకం విడిగా రాయాలి, మిగతా వీఎంలతో కలిపి ఒకే రాత్రి చేయొద్దు.

వీఎం లోపల వేసుకున్న వీఎంవేర్ టూల్స్‌ని ఈఎస్‌ఎక్స్‌ఐ మీద ఉండగానే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. విండోస్‌లో దాని అన్‌ఇన్‌స్టాలర్ తాను వీఎంవేర్ మెషీన్‌లో ఉన్నానా లేదా చూస్తుంది, లేదనుకుంటే కదలదు. అప్పుడు రిజిస్ట్రీలో, సర్వీసుల్లో చేత్తో ఏరుకోవాలి.

లినక్స్ వీఎంలు సాధారణంగా సులువు, ఒక్క మెలిక తప్ప. రెడ్‌హ్యాట్ కుటుంబంలో డ్రాకట్ అనే సాధనం ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌ని (బూట్ మొదట్లో కెర్నెల్ వాడే చిన్న ఫైల్‌సిస్టమ్‌ని) కట్టేటప్పుడు ఆ మెషీన్‌లో అప్పుడున్న హార్డ్‌వేర్‌కి కావలసిన డ్రైవర్లే పెడుతుంది. ఈఎస్‌ఎక్స్‌ఐ మీద కట్టినది కాబట్టి అందులో పీవీస్కజీ (వీఎంవేర్ డిస్కు కంట్రోలర్ డ్రైవర్) ఉంటుంది, వర్టియో (కేవీఎం వర్చువల్ పరికరాల డ్రైవర్లు) ఉండదు. ప్రాక్స్‌మాక్స్ మీద కెర్నెల్ లేస్తుంది, రూట్ డిస్కు దొరక్క చాలాసేపు ఎదురుచూసి డ్రాకట్ అత్యవసర షెల్‌లో పడుతుంది. కాన్ఫిగరేషన్‌లో వర్టియో పీసీఐ, వర్టియో బ్లాక్, వర్టియో స్కజీ, వర్టియో నెట్ నాలుగూ తప్పనిసరిగా చేర్చమని రాసి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌ని మళ్లీ కట్టించి, అప్పుడు ఆపండి. ఉబుంటు, డెబియన్‌లలో మామూలుగా అన్ని డ్రైవర్లూ ఉంటాయి. మరిచిపోయి ఆపేశారనుకోండి, ప్రాక్స్‌మాక్స్‌లో స్కజీ కంట్రోలర్‌ని తాత్కాలికంగా 'వీఎంవేర్ పీవీస్కజీ'కి మార్చి బూట్ చేయొచ్చు. లోపలికెళ్లి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ కట్టి, మళ్లీ వర్టియోకి తిప్పొచ్చు. ఈ దారి చాలామందికి తెలియక మొత్తం ఇంపోర్ట్ మళ్లీ చేస్తుంటారు.

నెట్‌వర్క్ కార్డు పేరు మారుతుంది. ఈఎస్‌ఎక్స్‌ఐలో ఈఎన్‌ఎస్ 192గా ఉన్నది ప్రాక్స్‌మాక్స్‌లో ఈఎన్‌ఎస్ 18 అవుతుంది, క్యూ35 మెషీన్ ఎంచుకుంటే ఈఎన్‌పీ6ఎస్18. ఐపీ సెట్టింగులు పాత పేరుకి కట్టి ఉన్నాయి కాబట్టి కొత్త కార్డుకి ఏ అడ్రసూ రాదు. ముందే ఆ సెట్టింగుని పేరుకి కాక మ్యాక్ అడ్రసుకి కట్టి, ఇంపోర్ట్‌లో అదే మ్యాక్‌ని ఉంచండి. మ్యాక్ మారకపోతే డీహెచ్‌సీపీ రిజర్వేషన్లూ, మ్యాక్ చూసి నడిచే పాత లైసెన్సులూ కూడా నిలుస్తాయి. డిస్కు విషయంలో 'వర్టియో బ్లాక్' కాక 'వర్టియో స్కజీ సింగిల్' ఎంచుకోండి. బ్లాక్ అయితే డిస్కు పేరు ఎస్‌డీఏ నుంచి వీడీఏకి మారి, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో తగిలించే డిస్కుల జాబితాలో) యూయూఐడీ బదులు పేర్లు రాసిన పాత సర్వర్లు బూట్‌లో ఆగిపోతాయి.

విండోస్‌లో వర్టియో డ్రైవర్ల ఐఎస్ఓ ముందే ఇన్‌స్టాల్ చేస్తారు, ఇక సిద్ధమనుకుంటారు. నేరుగా వర్టియో స్కజీ మీద బూట్ చేస్తే నీలం తెర వస్తుంది, ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్, కోడ్ 0ఎక్స్7బీ. కారణం ఇది: డ్రైవర్ ఫైళ్లు విండోస్‌లో ఉన్నాయి, కాని ఆ పరికరాన్ని విండోస్ ఎప్పుడూ చూడలేదు కాబట్టి దాన్ని బూట్ దశలో లోడ్ చేయాల్సిన డ్రైవర్ల వరుసలో పెట్టలేదు. పద్ధతి ఏమిటంటే, మొదటిసారి సిస్టమ్ డిస్కుని సాటా కింద పెట్టి బూట్ చేయాలి. విజార్డ్‌లో 'ప్రిపేర్ ఫర్ వర్టియో స్కజీ' అని ఒక టిక్ ఉంది, డిస్కులని సాటా వైపు మళ్లించేది అదే. దానితోపాటు 1 జీబీ ఖాళీ డిస్కొకటి వర్టియో స్కజీ కింద చేర్చాలి. విండోస్ లేచి ఆ చిన్న డిస్కుని గుర్తించి డ్రైవర్‌ని నమోదు చేసుకుంటుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అది కనిపించిందని చూసుకుని షట్‌డౌన్ చేసి, చిన్న డిస్కు తీసేసి, సిస్టమ్ డిస్కుని డిటాచ్ చేసి మళ్లీ స్కజీగా చేర్చాలి. ఆ తర్వాత ఆప్షన్స్‌లో బూట్ ఆర్డర్‌లో దానికి టిక్ పెట్టడం మరవొద్దు. డిటాచ్ చేయగానే ఆ వరుసలోంచి అది పోతుంది, అప్పుడు వచ్చే 'బూట్ డివైస్ లేదు' అన్న మాటని డ్రైవర్ సమస్య అనుకుని గంటలు వృథా చేసేవాళ్లున్నారు.

విండోస్ స్టాటిక్ ఐపీ పాత వీఎంఎక్స్‌నెట్3 కార్డు పేరు మీదే ఉండిపోతుంది. కొత్త కార్డుకి అదే ఐపీ ఇవ్వబోతే వేరే అడాప్టర్‌కి ఇప్పటికే ఇచ్చారని అడ్డుకుంటుంది. డివైస్ మేనేజర్‌లో దాగి ఉన్న పరికరాలు చూపించమని, మసగ్గా కనిపించే పాత కార్డుని తీసేయండి. ఐపీ, గేట్‌వే, డీఎన్ఎస్, అదనపు రూట్లు ఒక ఫైల్లో రాసి మెషీన్ బయట ఉంచుకోండి.

డొమైన్ కంట్రోలర్లని (యాక్టివ్ డైరెక్టరీని నడిపే సర్వర్లని) అసలు మార్చొద్దనే నా మాట. ప్రాక్స్‌మాక్స్ మీద కొత్త విండోస్ వేసి, డొమైన్ కంట్రోలర్‌గా ప్రమోట్ చేసి, రెప్లికేషన్ సరిగ్గా ఉందని చూసి, ఎఫ్ఎస్ఎంఓ రోల్స్ (ఒక్క కంట్రోలర్‌కే ఉండే ప్రత్యేక బాధ్యతలు) దానికి బదిలీ చేసి, పాతదాన్ని డిమోట్ చేయడమే శుభ్రమైన దారి. డిస్కు కాపీతో తెచ్చి, ఏదో తేడా వచ్చి పాతదాన్ని మళ్లీ ఆన్ చేస్తే రెప్లికేషన్ నంబర్లు వెనక్కి పోయి యాక్టివ్ డైరెక్టరీలో ఒకదానికొకటి పొసగని కాపీలు మిగులుతాయి.

కాపీకి రెండు దారులు

విజార్డ్‌లో వీసెంటర్ (ఈఎస్‌ఎక్స్‌ఐ హోస్టులన్నిటినీ నిర్వహించే సర్వర్) అడ్రసు ఇవ్వకుండా, వీఎం ఉన్న ఈఎస్‌ఎక్స్‌ఐ హోస్టు అడ్రసే ఇవ్వండి. వీసెంటర్ ద్వారానూ వస్తుంది కాని వేగం బాగా పడిపోతుంది. వీఎంని షట్‌డౌన్ చేశాకే మొదలుపెట్టాలి. 1 గిగాబిట్ లింక్‌లో మంచి రోజున సెకనుకి 110 ఎంబీ వస్తుంది, అంటే 1 టీబీకి రెండున్నర గంటలు. శనివారం రాత్రి పది నుంచి తెల్లవారి నాలుగు దాకా విండో ఉందనుకుంటే, పరీక్షలకీ వెనక్కి తిప్పడానికీ టైము తీసేస్తే, ఆ లింక్ మీద 1 టీబీకి మించి పెట్టుకోకూడదు. 10 గిగాబిట్ ఉన్నా ఈఎస్‌ఎక్స్‌ఐ ఇచ్చే వేగం దానికి తగ్గట్టు పెరగదు, ఒక పనికిరాని వీఎంతో కొలిచి చూసుకున్న అంకెనే ప్రణాళికలో వాడండి. తొందరపడి చాలా డిస్కులు ఒకేసారి లాగితే ఈఎస్‌ఎక్స్‌ఐ సెషన్ల పరిమితి దాటి 503 ఎర్రర్ ఇస్తుంది. నాలుగు డిస్కులకి మించొద్దు.

'లైవ్ ఇంపోర్ట్' అని ఒక టిక్ ఉంటుంది. డేటా వస్తుండగానే వీఎం ప్రాక్స్‌మాక్స్ మీద లేస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కాని మధ్యలో లింక్ తెగితే ఇంపోర్ట్ విఫలమై, లేచినప్పటినుంచి వీఎం రాసినదంతా పోతుంది. వెబ్ ఫ్రంటెండ్‌లకి సరే. డేటాబేస్‌కి వద్దు.

పెద్ద వీఎంలకి ఎన్‌ఎఫ్ఎస్ దారి మేలు. ఒకే ఎన్‌ఎఫ్ఎస్ షేర్‌ని ఈఎస్‌ఎక్స్‌ఐలో డేటాస్టోర్‌గానూ, ప్రాక్స్‌మాక్స్‌లో స్టోరేజీగానూ తగిలించండి. పగలే, వీఎం నడుస్తుండగా స్టోరేజ్ వీమోషన్‌తో దాన్ని ఆ షేర్ మీదకి మార్చండి. ఎన్ని గంటలు పట్టినా వాడేవాళ్లకి తెలియదు. ప్రాక్స్‌మాక్స్‌లో అంతే సైజు వీఎండీకే డిస్కుతో, అదే షేర్ మీద, ఖాళీ వీఎం సృష్టించుకోండి. విండో రాగానే పాత వీఎంని ఆపండి.

వీఎండీకే అంటే నిజానికి రెండు ఫైళ్లు. ఒకటి కొన్ని వందల బైట్ల టెక్స్ట్ ఫైలు, డిస్కు వివరం అందులో ఉంటుంది. రెండోది పేరు చివర 'ఫ్లాట్' అని ఉండే పెద్దది, డేటా అంతా దానిలోనే. ప్రాక్స్‌మాక్స్ వీఎం ఫోల్డర్‌లోని వీఎండీకే స్థానంలో పాత వీఎం టెక్స్ట్ ఫైలుని కాపీ చేసి, అందులో ఆర్‌డబ్ల్యూతో మొదలయ్యే వరుస చివర ఉన్న ఫైలు పేరుని, రెండు ఫోల్డర్లు పైకెళ్లి పాత వీఎం ఫోల్డర్‌లోని ఫ్లాట్ ఫైలుకి చేరే దారిగా మార్చండి. వీఎం ఆన్ చేయండి. టెరాబైట్ల డేటా ఒక్క అంగుళం కదలకుండానే సర్వర్ కొత్త హైపర్‌వైజర్ మీద లేస్తుంది, ఆగిన సమయం నిమిషాల్లో ఉంటుంది. సర్దుకున్నాక 'మూవ్ డిస్క్'తో నడుస్తుండగానే సెఫ్ మీదకో ఎల్‌వీఎం మీదకో జరపండి. 'డిలీట్ సోర్స్' టిక్ మాత్రం పెట్టొద్దు. మీ వెర్షన్‌లో ఈ పద్ధతి ఎలా నడుస్తుందో ఒక టెస్ట్ వీఎంతో ముందు చేసి చూడడం తప్పనిసరి.

లేచాక

సీపీయూ టైపు చూడండి. డిఫాల్ట్‌గా ఉండేది ఎక్స్86-64-వీ2-ఏఈఎస్. వీస్పియర్‌లో ఈవీసీ చేసే పనే ఇదీ చేస్తుంది, వేర్వేరు తరాల సీపీయూల మధ్య లైవ్ మైగ్రేషన్‌కి వీలు కల్పిస్తుంది. నోడ్లన్నీ ఒకే రకం అయితే 'హోస్ట్' పెట్టుకోవచ్చు. రెడ్‌హ్యాట్ 10కి వీ3 కావాలి, డిఫాల్ట్ మీద అది బూట్ కాదు.

మెమరీలో ఈఎస్‌ఎక్స్‌ఐ అలవాట్లు వదులుకోవాలి. ప్రాక్స్‌మాక్స్ హోస్టు ఒక లినక్స్ మెషీన్, ప్రతి వీఎం అందులో ఒక ప్రాసెస్. మెమరీ అయిపోతే కెర్నెల్ ఓఓఎం కిల్లర్ పెద్ద ప్రాసెస్‌ని చంపుతుంది, అది మామూలుగా మీ డేటాబేస్ సర్వరే అవుతుంది. జెడ్‌ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్ వాడుతుంటే దాని ఏఆర్‌సీ క్యాష్‌ని లెక్కలోకి తీసుకోండి. 8.1 నుంచి ఇన్‌స్టాలర్ దాన్ని ర్యామ్‌లో 10 శాతానికి, గరిష్ఠంగా 16 జీబీకి కట్టేస్తోంది. అంతకుముందు వేసి అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చిన హోస్టుల్లో సగం ర్యామ్ దాకా పోతుంది. 128 జీబీ హోస్టులో వీఎంలకి 100 జీబీ ఇచ్చి, ఏఆర్‌సీ 64 దాకా పెరగొచ్చని మరిస్తే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. క్యాష్ వెనక్కి తగ్గుతుంది, కాని వీఎంలు ఒక్కసారిగా అడిగినంత వేగంగా తగ్గదు.

డిస్కుకి 'డిస్కార్డ్', 'ఐఓ థ్రెడ్' టిక్ పెట్టి, థిన్ స్టోరేజీ అయితే లోపల ఒకసారి ఎఫ్ఎస్‌ట్రిమ్ నడపండి, కాపీలో నిండుగా వచ్చిన ఖాళీ చోటు తిరిగొస్తుంది. క్యూఈఎంయూ గెస్ట్ ఏజెంట్ వేయండి, ఆప్షన్స్‌లోనూ ఆన్ చేయండి. అది లేకపోతే బ్యాకప్ తీసేటప్పుడు ఫైల్‌సిస్టమ్‌ని నిలబెట్టే వీలుండదు, కరెంటు పోయిన క్షణంలో డిస్కు ఎలా ఉంటుందో అలాంటి కాపీయే వస్తుంది.

బ్యాకప్ సర్వర్ నెమ్మదిగా ఉంటే వీఎంలు కూడా నెమ్మదిస్తాయి, ఇది వీస్పియర్ నుంచి వచ్చినవాళ్లని కంగారు పెడుతుంది. బ్యాకప్ నడుస్తుండగా వీఎం ఇంకా కాపీ కాని బ్లాక్‌ని మార్చబోతే, ముందు ఆ పాత బ్లాక్ బ్యాకప్ సర్వర్‌కి చేరాలి, అప్పుడే కొత్త రాత పడుతుంది. 8.2 నుంచి ఉన్న 'ఫ్లీసింగ్' ఆప్షన్‌ని ఆన్ చేసి దానికి వేగమైన లోకల్ డిస్కు చూపిస్తే, ఆ పాత బ్లాక్‌లు ముందు అక్కడ పడి, నిదానంగా బ్యాకప్‌కి వెళ్తాయి.

పాత వీఎంని ఈఎస్‌ఎక్స్‌ఐ మీద వెంటనే చెరపొద్దు. అయితే దాని నెట్‌వర్క్ కార్డుకి 'కనెక్ట్ ఎట్ పవర్ ఆన్' టిక్ తీసేయండి, హోస్టు ఆటోస్టార్ట్ జాబితాలోంచి కూడా తప్పించండి. లేకపోతే ఆ హోస్టు ఎప్పుడో రీబూట్ అయినప్పుడు అదే ఐపీ, అదే మ్యాక్‌తో రెండో సర్వర్ లేస్తుంది. వెనక్కి తిప్పే నిర్ణయానికి ఒక గడువు, ఆ నిర్ణయం ఎవరిదో ఆ పేరు, రెండూ చేంజ్ టికెట్‌లో ముందే రాయండి. కొత్త వీఎం మీద మొదటి అసలు లావాదేవీ పడ్డ క్షణం నుంచి పాతదానికి తిరిగివెళ్లడమంటే డేటా వదులుకోవడమే. ఎన్‌ఎఫ్ఎస్ దారిలో వచ్చినవాళ్లకి ఇది ఇంకా కచ్చితం. 'మూవ్ డిస్క్' అయ్యేదాకా రెండు వైపులకీ ఒకే ఫ్లాట్ ఫైలు కాబట్టి, ఆ లోపు పొరపాటున కూడా ఈఎస్‌ఎక్స్‌ఐలో పాత వీఎంని ఆన్ చేయకూడదు. ఇన్వెంటరీలోంచి దాన్ని తీసేస్తే ఆ పొరపాటుకి తావుండదు. 'రిమూవ్ ఫ్రమ్ ఇన్వెంటరీ' ఎంచుకోండి, దాని కిందే ఉండే 'డిలీట్ ఫ్రమ్ డిస్క్' కాదు.